డీప్ ఫ్రీజర్‌లో మంచు పేరుకుని మూత పడట్లేదు. గ్యాస్ పోయిందంటున్నారు, నిజమేనా?

దేవరకొండ గృహిణి (శనివారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గరి ఊరు. రెండేళ్ల కింద 200 లీటర్ల డీప్ ఫ్రీజర్ కొన్నాం, మూత పైకి తెరిచే పెట్టె రకం. ఇంట్లో తొమ్మిది మందిమి. మార్కెట్ దూరం. పైగా సీతాఫలాల కాలంలో గుజ్జు తీసి దాచుకుంటాం. అందుకే కొన్నాం.

ఈ వానలు మొదలైనప్పటి నుంచి లోపలి గోడలకు రెండు వేళ్ల మందం మంచు పట్టింది. కుడి మూల దగ్గర ఇంకా ఎక్కువ. అక్కడ మూత సరిగ్గా కూర్చోవట్లేదు. మోటారు ఆగకుండా తిరుగుతూనే ఉంది. బయటి పక్కలు ముట్టుకుంటే వేడిగా ఉన్నాయి. నిన్న ఒక మెకానిక్ వచ్చి పక్కన చేయి పెట్టి చూసి, "గ్యాస్ పోయింది, 3,500 అవుతుంది, సోమవారం వచ్చి ఎక్కిస్తా" అని చెప్పి వెళ్లాడు. కానీ లోపల సామాను రాయిలాగే ఉంది, ఏదీ మెత్తబడలేదు. గ్యాస్ పోతే ఇంత గట్టిగా ఎట్లా ఉంటుంది?

దసరాకు బిడ్డలు, అల్లుళ్లు వస్తున్నారు. ఈ ఏడు తీసిన మొదటి గుజ్జు 6 కిలోలు, చేపలు, కోడికూర అన్నీ అందులోనే ఉన్నాయి. బాగా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

పాలమూరు పిల్లగాడు (శనివారం, రాత్రి 10:05)

అక్కా, మాకూ పోయినేడు ఇట్లనే అయింది. స్విచ్ ఆపి, వంటింటి కత్తితో మంచు గీకేశాను. గంటలో అయిపోయింది.

మిర్యాలగూడ పాత మెకానిక్ (శనివారం, రాత్రి 10:50)

తమ్మీ, నీకేం కాలేదంటే అదృష్టం. ఆ పని ఇంకెప్పుడూ చేయకు, ఇంకొకరికి చెప్పకు. పెట్టె ఫ్రీజర్‌లో లోపలి గోడ పలుచని రేకు. దాని వెనకాలే గ్యాస్ తిరిగే గొట్టం చుట్టి ఉంటుంది. కత్తి మొన ఒక్కసారి దిగితే చాలు, గ్యాస్ అంతా పోతుంది. ఆ గొట్టం ఫోమ్ లోపల ఉంటుంది కాబట్టి అతుకు వేయడానికి చేయి కూడా పట్టదు, చాలాసార్లు పెట్టె మొత్తం తుక్కుకే. ఇప్పుడొచ్చే వాటిలో చాలావరకు ఆర్600ఏ గ్యాస్ ఉంటుంది, అంటే ఐసోబ్యూటేన్. మన వంట గ్యాస్ కుటుంబమే, అంటుకుంటుంది. నేను ముప్పై ఏళ్లు ఈ పని చేశాను. కత్తి పోటు పడ్డ ఫ్రీజర్లు ఎన్ని చూశానో లెక్కలేదు.

ఇక అమ్మా, మీ అనుమానం నిజమే. గ్యాస్ తగ్గితే మోటారు తిరుగుతూనే ఉంటుంది కానీ సామాను గట్టిపడదు. మంచు కూడా ఒకవైపు కొంచెం పట్టి, మిగతా గోడంతా బోసిగా ఉంటుంది. మీకు నాలుగు గోడలా పట్టింది, సామాను రాయిలా ఉంది. పక్కలు వేడిగా ఉన్నాయంటే భయపడకండి. లోపలి వేడిని బయటికి పంపే గొట్టం బయటి రేకు వెనక ఉంటుంది, కాబట్టి ఆ పక్కలు వేడెక్కాల్సిందే. గ్యాస్ లేకపోతే అవి చల్లగా ఉంటాయి. వేడిని చూసి గ్యాస్ పోయిందని చెప్పడం తలకిందుల మాట.

మంచు అంటే గాలిలోని తేమ. వానాకాలం గాలి ఎక్కడో లోపలికి దూరుతోంది. అది ఎక్కడో పట్టుకుంటే మీ పని సగం అయినట్టే. రేపు పొద్దున ఒక పది రూపాయల నోటు తీసుకోండి. సగం లోపల, సగం బయట ఉండేట్టు పెట్టి మూత వేసి లాగండి. రబ్బరు పట్టుకున్నట్టు తెలియాలి. ఊరికే జారి వస్తే అక్కడ సందు ఉన్నట్టు. జానెడు జానెడుకు అట్లా చుట్టూ చూడండి. ఫ్రీజర్ అడుగున నీళ్లు పోయే రంధ్రానికి బిరడా ఉందో లేదో కూడా చూడండి. చాలామంది కడిగినప్పుడు తీసి మళ్లీ పెట్టరు, అక్కడి నుంచి గాలి ఎక్కుతుంది.

దేవరకొండ గృహిణి (ఆదివారం, ఉదయం 7:30)

అన్నగారూ, మీరు చెప్పినట్టే చూశాను. మూడు వైపులా నోటు గట్టిగా పట్టింది. కుడి మూలలో మాత్రం దాదాపు జానెడున్నర మేర ఊరికే వచ్చేసింది. అక్కడ రబ్బరు చదునుగా అణిగి, నల్లగా బూజు పట్టి ఉంది. బిరడా ఉంది. ఇంకో సంగతి, మూతకు ఎడమ చివర బియ్యం బస్తా పెట్టుకుంటున్నాం, 25 కిలోలది. ఆరు నెలల నుంచి అక్కడే ఉంది. దాని వల్ల అయి ఉంటుందా?

మిర్యాలగూడ పాత మెకానిక్ (ఆదివారం, ఉదయం 8:15)

అదేనమ్మా. మూత లోపలంతా ఫోమే, పైన రేకు పలుచన. ఒక చివర బరువు పెడితే మెల్లగా వంగి రెండో చివర లేస్తుంది, కీలు కూడా వదులవుతుంది. బస్తా ఈరోజే దించేయండి. మూత మీద ఏమీ పెట్టకండి, మిక్సీ కూడా.

ముందు మంచు కరిగించండి. అది పోతే తప్ప మూత పడదు. ప్లగ్ తీసేయండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గే తీయాలి. సామాను బయటికి తీసి పాత రగ్గుల్లో చుట్టండి. అడుగున నీళ్లు పోయే దగ్గర పళ్లెం పెట్టండి. గిన్నెల నిండా వేడినీళ్లు పోసి లోపల పెట్టి, మూత వేసి పదిహేను నిమిషాలు ఆగండి. మంచు దానంతట అదే పలకలు పలకలుగా ఊడుతుంది. ఊడినవి చేత్తోనే తీయండి, గట్టిగా ఉంటే చెక్క గరిటె. హీటర్, మంట ఏదీ దగ్గరికి తేవద్దు, మూతకు, అంచులకు ఉండే ప్లాస్టిక్ వంగిపోతుంది. తర్వాత గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపి తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టండి. రబ్బరు మడతల్లో నల్లగా ఉన్నదంతా పాత పళ్ల బ్రష్‌తో సబ్బునీళ్లు పెట్టి తోమండి.

అణిగిన రబ్బరు మీద వేడినీళ్లలో ముంచి పిండిన తువాలు పది నిమిషాలు ఉంచండి. మెత్తబడ్డాక వేళ్లతో లాగి ఆకారానికి తెచ్చి, మూత వేసి రాత్రంతా వదిలేయండి. కొత్తది కాకపోతే పూర్తిగా లేవకపోవచ్చు, అప్పుడు కొత్త రబ్బరు వేయించుకోవాలి. మోడల్ నంబరు చెప్తే దొరుకుతుంది. గ్యాస్ ఎక్కించే ఖర్చుతో పోలిస్తే అది చాలా తక్కువ.

బాలానగర్ సీతాఫలం (ఆదివారం, ఉదయం 9:00)

చెల్లె, నీ గుజ్జు గురించి నాకు భయమేస్తోంది. ఒక్క గంట బయట ఉంచినా పై భాగం మెత్తబడుతుంది. పక్కింట్లో ఫ్రీజర్ ఉంటే అందులో పెట్టించు. లేకపోతే ఫ్రిజ్ ఫ్రీజర్ గదిలో ఎంత పడితే అంత పెట్టు. మిగతాది థర్మోకోల్ డబ్బాలో, నడుమ ఐసు వేసి పెట్టు.

నేను పదేళ్ల నుంచి మా బాలానగర్ కాయలతో గుజ్జు చేసి ఇస్తున్నాను. ఈ పండుకు ఫ్రీజర్ తప్ప దారి లేదు. మామిడి గుజ్జులాగా ఉడికించి సీసాలో పోద్దామంటే, వేడి తగిలితే చేదెక్కుతుంది, ఆ వాసన పోతుంది. బయట పెడితే గాలికి నల్లబడుతుంది. అందుకే కాయ పండిన రోజే, బాగా మెత్తబడకముందే గుజ్జు తీసి, గింజలు ఏరి, కిలోకు ఒక చెంచా నిమ్మరసం కలుపుతాను. అప్పుడు రంగు మారదు. అరకిలో అరకిలోగా జిప్ కవర్లలో పోసి, గాలి మొత్తం వత్తి తీసేసి, చేటలాగా పలుచగా పరిచి గడ్డకట్టిస్తాను. ముద్దలా పెడితే బయటి భాగం గట్టిపడుతుంది కానీ నడుమ భాగం చల్లబడటానికి రాత్రంతా పడుతుంది, ఆలోపు అది రంగు మారుతుంది. గడ్డకట్టాక పలకలన్నీ నిలువుగా పుస్తకాలలాగా పేర్చుకోవచ్చు. ఎంత స్థలం కలిసొస్తుందో చూడు.

ఒకేసారి 20 కిలోలు తెచ్చి ఫ్రీజర్‌లో పడేయకు, చాలామంది చేసే తప్పు ఇదే. కొత్త సామాను ఎక్కువ పడితే లోపల ఉన్నవి కూడా వెచ్చబడతాయి. రోజుకు నాలుగైదు కిలోలు పెట్టు. వేడిమీద ఉన్నది అసలే పెట్టకు, అది చల్లారేలోపు లోపలంతా ఆవిరి మంచై కూర్చుంటుంది.

దేవరకొండ గృహిణి (ఆదివారం, ఉదయం 9:20)

అక్కా, నువ్వు చెప్పింది నిజమే, నేను ముద్దలాగే పెట్టాను. మా తోడికోడలు ఇంట్లో ఫ్రిజ్ ఉంది. ముందు గుజ్జు, చేపలు అక్కడికి పంపిస్తున్నాను.

హాలియా రైతు (ఆదివారం, ఉదయం 10:40)

మా దగ్గర రాత్రిళ్లు వోల్టేజీ 170కి పడిపోతుంది. పొద్దున మోటర్లు ఆగాక 250 దాటుతుంది. ఫ్రీజర్ కొన్న మొదటి ఏడాదే కంప్రెసర్ కాలిపోయింది. స్టెబిలైజర్ అక్కర్లేదని అమ్మినాయన చెప్పాడు, నమ్మాను. ఇప్పుడు మూడు నిమిషాల ఆలస్యం ఉన్న స్టెబిలైజర్ పెట్టాను, నాలుగేళ్లుగా ఇబ్బంది లేదు. కరెంటు పోయి వెంటనే వస్తే కంప్రెసర్ ఒత్తిడి మీదే మళ్లీ మొదలవ్వాలని చూస్తుంది, అప్పుడే కాలేది. ఆ మూడు నిమిషాలు అందుకే.

ఇంకొకటి, ఎర్త్. మూడు పిన్నుల ప్లగ్ ఉంటే ఎర్త్ ఉన్నట్టు కాదు. మా పాత ఇంట్లో సాకెట్ వెనక ఎర్త్ వైరే లేదు. మూత తెరుస్తుంటే చేతికి చిమచిమలాడేది. తడి చేతులతో పట్టుకునే వస్తువు ఇది, ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించుకోండి.

వనపర్తి పంతులమ్మ (ఆదివారం, మధ్యాహ్నం 1:15)

కరెంటు పోయినప్పుడు ఏం చేయాలో ఎవరూ రాయలేదు. మూత తెరవకుండా ఉంచితే నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటల వరకు, సగం ఉన్నది ఒక రోజు వరకు గడ్డ నిలుపుతుందని లెక్క. మన ఎండాకాలంలో అంత రాదు, వానాకాలంలో దగ్గరగా వస్తుంది. అందుకే ఫ్రీజర్‌లో ఖాళీ ఉంచను. మూడొంతులు నింపిన ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు పెట్టేస్తాను. గడ్డకట్టినప్పుడు నీళ్లు ఉబ్బుతాయి, గొంతు దాకా నింపితే పగులుతాయి. గాజు సీసాలు పెట్టనే వద్దు.

మేం ఊరికి వెళ్లి వచ్చినప్పుడు నమ్మకం కుదరడానికి ఒక పద్ధతి ఉంది. చిన్న గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి, పైన ఒక రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్‌లో ఉంచుతాను. తిరిగొచ్చేసరికి బిళ్ల గ్లాసు అడుగున ఉంటే, మధ్యలో కరెంటు పోయి అంతా కరిగి, మళ్లీ గడ్డకట్టిందన్నమాట. అప్పుడు మాంసం, చేపలు పారేయాల్సిందే.

హాలియా రైతు (ఆదివారం, మధ్యాహ్నం 2:00)

పంతులమ్మా, పారేయడం ఎందుకు? మళ్లీ గడ్డకట్టింది కదా. బాగా ఉడికించి తింటే ఏం కాదు, మేం ఎన్నోసార్లు తిన్నాం.

వనపర్తి పంతులమ్మ (ఆదివారం, మధ్యాహ్నం 2:25)

అన్నా, చలికి క్రిములు చావవు, నిద్రపోతాయి అంతే. కరిగినప్పుడు లేచి పెరుగుతాయి. కొన్ని క్రిములు వదిలే విషం ఉడికించినా పోదు. పొట్లం లోపల ఇంకా మంచు పలుకులు ఉంటే, చేతికి ఫ్రిజ్‌లో ఉన్నంత చల్లగా తగిలితే, మళ్లీ గడ్డకట్టించొచ్చు లేదా అప్పుడే వండుకోవచ్చు. రుచి కొంచెం పోతుంది అంతే. కానీ పూర్తిగా మెత్తబడి, రెండు గంటలకు మించి వెచ్చగా ఉన్న మాంసం పిల్లలకు పెట్టొద్దని నా గట్టి మాట. రూపాయి బిళ్ల అడుగుకు చేరిందంటే ఆ కరిగిన సమయం ఎంతో మనకు తెలియదు, అందుకే పారేయమన్నాను. మా అమ్మాయి ఒకసారి ఇట్లాంటి కూర తిని మూడు రోజులు ఆసుపత్రిలో ఉంది.

హాలియా రైతు (ఆదివారం, మధ్యాహ్నం 2:40)

ఆ సంగతి తెలియదు. మా ఇంట్లోనూ చెప్తాను.

జూరాల గట్టు (ఆదివారం, సాయంత్రం 5:30)

చేపల గురించి నా వంతు. మృగశిర కార్తె వచ్చిందంటే మా ఇంట్లో బొచ్చె, రవ్వ కలిపి పది కిలోలు తెస్తాం. కడిగిన ముక్కలు నేరుగా కవర్లో వేస్తే నెల తిరిగేసరికి అంచులు తెల్లగా ఎండి బెరడులా అవుతాయి. గాలి తగిలి ముక్కలో నీరు పోవడం వల్ల అది. నేనేం చేస్తానంటే, ముక్కలను పళ్లెంలో విడివిడిగా గడ్డకట్టించి, ఆ తర్వాత ఒక్కొక్కటి చల్లటి నీళ్లలో ముంచి తీసి మళ్లీ ఫ్రీజర్‌లో పెడతాను. పైన సన్నని మంచు పొర కడుతుంది, గాలి తగలదు. తర్వాత కవర్లో వేసి తేదీ రాస్తాను. మూడు నెలలు దాటనివ్వను.

కరిగించేది కూడా ముఖ్యం. బయట బండ మీద పెట్టకండి. రాత్రి ఫ్రిజ్ కింది అరలో పెడితే పొద్దునకు అయిపోతుంది. అర్జెంటైతే కవరు విప్పకుండా చల్లటి నీళ్లలో ముంచండి.

కల్వకుర్తి అవ్వ మనుమరాలు (ఆదివారం, రాత్రి 7:50)

మా అవ్వ పచ్చి కందిగింజలు, అనపగింజలు ఫ్రీజర్‌లో పెట్టిస్తుంది. సంక్రాంతి వేళ దొరికినవి ఉగాది దాటాక కూడా కూరకు వస్తాయి. వొలిచి, మరుగుతున్న నీళ్లలో రెండు నిమిషాలు వేసి, వెంటనే ఐసు నీళ్లలో వేసి, బాగా ఆరబెట్టి కట్టాలి. ఉడకబెట్టకుండా పెడితే రెండు నెలలకే రంగు పోయి గడ్డివాసన వస్తుంది. చింతచిగురు మాత్రం కడగకుండా, ఏరి పొడిగా పెడతాం. వాడేటప్పుడు కడుక్కుంటాం. కొంచెం నల్లబడుతుంది, పులుపు మాత్రం పోదు.

నాగర్‌కర్నూల్ అమ్మ (ఆదివారం, రాత్రి 8:30)

పిల్లలున్న ఇళ్లవాళ్లకు ఒక్క మాట. దాగుడుమూతలు ఆడుతూ మా అక్క కొడుకు ఖాళీ చేసి పెట్టిన పాత ఫ్రీజర్‌లోకి దిగాడు. మూత పడింది. లోపలి నుంచి తెరుచుకోలేదు, అరుపు బయటికి వినపడలేదు. పక్కనే బట్టలు ఆరేస్తున్న మా అక్క చూడకపోతే ఏమయ్యేదో. ఫ్రీజర్‌కు తాళం వేసి తాళంచెవి పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి. పాతది మూలకు పడేస్తే మూత ఊడదీసే పడేయండి. మంచు కరిగించేటప్పుడు మూత తెరిచి ఉంచి పక్కకు వెళ్లొద్దు.

మిర్యాలగూడ పాత మెకానిక్ (ఆదివారం, రాత్రి 9:10)

చాలా మంచి మాట చెప్పారమ్మా. ఇది అందరికీ చేరాలి.

దేవరకొండ అమ్మా, ఫ్రీజర్ ఎక్కడ పెట్టారు? పడమటి ఎండ పడుతుందా?

దేవరకొండ గృహిణి (ఆదివారం, రాత్రి 9:25)

వరండాలో ఉందన్నగారూ. సాయంత్రం ఎండ నేరుగా పడుతుంది. గోడకు ఆనించి పెట్టాం. మంచు కరిగించడం ఐదు గంటలకు మొదలుపెట్టి ఏడింటికి అయిపోయింది. అన్నీ తుడిచాను, రబ్బరుకు వేడి తువాలు కూడా పెట్టాను.

మిర్యాలగూడ పాత మెకానిక్ (ఆదివారం, రాత్రి 9:50)

అక్కడి నుంచి తీసేయండి. వెనక లేబుల్ చూడండి, వాతావరణ తరగతి అని ఒక అక్షరం ఉంటుంది. 'టి' అని ఉంటే గది 43 డిగ్రీల వరకు పనిచేసేలా చేసింది. 'ఎన్' అని ఉంటే 32 డిగ్రీల వరకే. మన నల్గొండలో మే నెలలో ఎండ 44, 45 దాకా పోతుంది. రేకు కప్పు కింద, ఎండ పడే వరండాలో ఏ తరగతి ఫ్రీజర్‌కైనా కష్టమే. ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో, చుట్టూ జానెడు ఖాళీ ఉంచి పెట్టండి. నేల సమంగా ఉండాలి, లేకపోతే పెట్టె మెలి తిరిగి మూత మళ్లీ ఒక మూల లేస్తుంది. కింద చెక్క దిమ్మలు వేసి ఎత్తు చేస్తే వాన నీళ్లు తగలవు, తుప్పు పట్టదు. మోటారు ఉండే వెనక జాలీ దగ్గర బల్లులు, ఎలుకలు దూరకుండా సన్నని తీగజాలీ కట్టండి. మోటారును మొదలుపెట్టే రిలే అనే కరెంటు భాగం మీద బల్లి పడి కాలిపోయిన కేసులు ఎన్నో చూశాను. నెలకొకసారి అక్కడి దుమ్ము దులపండి, ప్లగ్ తీసి మాత్రమే.

జరిపేటప్పుడు నిలువుగానే జరపండి. పడుకోబెట్టాల్సి వస్తే నాలుగైదు గంటలు నిలబెట్టి ఉంచాకే ఆన్ చేయండి, లేకపోతే కంప్రెసర్‌లోని నూనె గొట్టాల్లోకి పోయి ఉంటుంది.

పాలమూరు పిల్లగాడు (సోమవారం, ఉదయం 6:40)

అన్నా, కత్తి సంగతి రాసినందుకు మన్నించండి. మా ఫ్రీజర్ రాత్రి తెరిచి చూశాను, గీతలున్నాయి కానీ రంధ్రం లేదు. ఇక గిన్నెల్లో వేడినీళ్లే.

దేవరకొండ గృహిణి (బుధవారం, రాత్రి 8:15)

అందరికీ చెప్పాలని వచ్చాను. ఫ్రీజర్‌ను వంటింటి వెనక గదికి మార్చాం, మా ఆయన, మరిది కలిసి నిలువుగానే జరిపారు. రబ్బరు సగం లేచింది, కానీ కుడి మూల నోటు ఇంకా కొంచెం జారేది. మోడల్ నంబరు చెప్పి కొత్త రబ్బరు తెప్పించాం, 600 అయింది. మన ఊరి ఎలక్ట్రీషియన్ కీలు బిగించి, రబ్బరు వేసి, ఎర్త్ కూడా చూశాడు. ఎర్త్ ఉంది. గ్యాస్ ఎక్కిస్తానన్న మెకానిక్‌కు ఫోన్ చేసి రావద్దని చెప్పాను.

ఇప్పుడు మోటారు ఆగి ఆగి తిరుగుతోంది. నిన్న నేను లెక్కపెట్టాను, పది నిమిషాలు తిరిగి పావుగంట ఆగుతోంది. సామాను తిరిగి పెట్టాక లోపల పెట్టిన థర్మామీటరు మైనస్ 19 చూపిస్తోంది. గుజ్జు బాలానగర్ అక్క చెప్పినట్టు పలకలు పరిచి పెట్టాను, ఒక్కో కవరు మీద తేదీ రాశాను. మూత లోపలి వైపు ఏ పొట్లం ఎక్కడుందో కాగితం అంటించాను, తెరిచి వెతకాల్సిన పని లేదు. ఖాళీలో నీళ్ల బాటిళ్లు పెట్టాను. రూపాయి బిళ్ల గ్లాసు కూడా ఉంది.

దసరా దాకా రోజుకు నాలుగు కిలోల గుజ్జు. కాయలు రేపు వస్తున్నాయి.

బాలానగర్ సీతాఫలం (బుధవారం, రాత్రి 8:40)

కాయ కొంచెం గట్టిగా ఉన్నప్పుడే దించమను చెల్లె. నిమ్మకాయలు మరిచిపోకు.